ముందు తీరిక లెక్క చూడు

నెల్లూరు

చిరంజీవి తమ్ముడికి,

నీ కథ అందింది. ఉదయగిరి నుంచి కువైట్ పోయిన పనిమనిషి, కందుకూరు డ్రైవరు, వాళ్ల స్నేహం. 'లాస్ట్ ఇన్ ట్రాన్స్‌లేషన్' చూసి రాశానన్నావు. మంచి సినిమానే. కానీ నీ కథ చదువుతుంటే ఒళ్లు మండింది. అర్ధరాత్రి ఆ ఇద్దరూ సముద్రం ఒడ్డున కాఫీ తాగుతూ కూర్చోవడం ఏంది అబ్బయా? ఆమెకు గేటు ఎవరు తీశారు?

ఆ సినిమాలో వాళ్లకు తీరిక ఉంది. అతను విస్కీ ప్రకటన కోసం టోక్యో వచ్చిన నటుడు. ఆమె ఫొటోగ్రాఫర్ భార్య, మొగుడు పనికి పోతే హోటల్ గదిలో ఒక్కతే. ఇద్దరికీ నిద్ర పట్టదు. హోటల్ బార్లో పరిచయమై ఊరంతా తిరుగుతారు. అది పొద్దు పోని ఒంటరితనం. నీ కథలో ఆవిడది పొద్దు చాలని ఒంటరితనం. ఖాదిం వీసా, అంటే ఇంటి పనివాళ్ల వీసా మీద పోయిన మనిషి. ఇంటి పనివాళ్లకు వారానికో రోజు సెలవివ్వాలని కువైట్‌లో చట్టం వచ్చిందే 2015లో. వచ్చాక కూడా అందరికీ ఆ సెలవు దక్కలేదు. పరాయి దేశంలో స్నేహం గురించి రాసేవాడు ముందు వాళ్లకు రోజులో ఎన్ని నిమిషాలు దొరుకుతాయో తేల్చుకోవాలి. కథంతా ఆ నిమిషాల్లోనే జరగాలి. ఈ మాట నేను ఎవరికైనా చెప్తాను, ఎన్నిసార్లయినా చెప్తాను.

ఆత్మకూరులో మా పక్కింటామె కువైట్‌లో చేసి వచ్చింది. అక్కడ పక్కమేడ మీది శ్రీలంక మనిషితో ఆమె స్నేహమంతా బట్టలు ఆరేసేటప్పుడే. ఇద్దరికీ వచ్చింది వంటింటి అరబ్బీ. మళ్లీ పైకి రావడానికి ఓ సాకు ఉండాలని తడి దుప్పటి ఒకటి ఆరేయకుండా బకెట్లోనే ఉంచేదట. దాన్ని కథగా రాసి పంపితే, చివర్లో ఇద్దరూ ఎయిర్‌పోర్టులో కావలించుకుని ఏడిస్తేనే వేస్తానన్నాడు ఒక వారపత్రిక సంపాదకుడు. వాళ్లకు ఏడ్చే తీరికెక్కడిది? కథ వెనక్కి తెచ్చుకున్నాను. అప్పట్లో గల్ఫ్ కథంటే పత్రికలకు కన్నీళ్లు కావాలి, ఇప్పుడు కాఫీ షాపులు కావాలి. ఆ మనుషుల రోజు ఎలా గడుస్తుందో అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగడం లేదు.

సినిమా చివర అతను ఆమె చెవిలో చెప్పిన మాట మనకు వినపడదు. నువ్వేమో డ్రైవరు చేత ఒకటిన్నర పేజీ చెప్పించావు. కొట్టెయ్.

నీ కథలో ఆవిడ కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కొడుకు వాయిస్ మెసేజ్ వింటుందే, అక్కడ మాత్రం ఆగిపోయాను. మామా, అదే ఆ ఇంటి యజమానురాలు, వింటుందేమోనన్న టెన్షన్‌తో పిల్లాడి మాట సగమే విని ఆపేస్తుంది. డ్రైవరుతో స్నేహం కూడా అంత ఇరుకులోనే రాయాలి. జమియా నుంచి, అంటే అక్కడి సహకార సూపర్‌మార్కెట్ నుంచి తెచ్చిన సంచులు అతను అందిస్తాడు, ఆమె అందుకుంటుంది. ఆ కాస్త సేపు చాలు.

మీ పిన్నమ్మ కువైట్‌లో చేసిందని ఉత్తరంలో రాశావు. ఆమెను నువ్వు ఏమీ అడగలేదని కథ చదివితేనే తెలుస్తోంది. ఈసారి ఊరికి పోయినప్పుడు పక్కన కూర్చుని అడుగు: చెత్త సంచి బయట పెట్టి రావడానికి ఎంతసేపు పట్టేది, ఆలస్యమైతే లోపల ఏం చెప్పేది, దారిలో ఎవరితో మాట్లాడేది. అవన్నీ రాసుకుని, కథ మళ్లీ మొదటి నుంచి రాసి పంపు. ఏ పత్రికకు పంపాలో అప్పుడు చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అన్న