పక్షవాతం వచ్చిన నాన్నను ఇంట్లో చూసుకోవడం: నర్సును పెడితే సరిపోతుందా?

మీ నాన్నగారికి 74 ఏళ్లు, పక్షవాతం వచ్చింది, ఆసుపత్రి వాళ్లు ఇంటికి తీసుకెళ్లమన్నారు, ఖమ్మంలో అమ్మగారు ఒక్కరే, నర్సును పెడితే సరిపోతుందా, పరిశోధనలు ఏమంటున్నాయి అని అడిగారు. సరిపోతుందండీ. కాకపోతే వచ్చే ఆ మనిషి నిజంగా నర్సేనా, రాత్రి రెండింటికి లేచేది ఎవరు, ఈ రెండూ ముందే తేల్చుకోండి.

మా నాన్నకు 2021లో వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఇల్లు తెనాలిలో, నా ఉద్యోగం హైదరాబాద్‌లో. ఇరవై నెలలు ఇంట్లోనే చూసుకున్నాం.

ముందు ఆశల సంగతి చెప్తాను. ఇంట్లో వాళ్లం ఫిజియో దగ్గర వ్యాయామాలు నేర్చుకుని రోజూ చేయిస్తే నాన్న లేచి నడుస్తారనుకున్నాను. అచ్చం ఇదే విషయం మీద మన దేశంలోనే పెద్ద పరిశోధన జరిగింది, పేరు అటెండ్. లూథియానా సీఎంసీ న్యూరాలజిస్టు జయరాజ్ పాండియన్ ముందుండి నడిపించారు. 14 ఆసుపత్రులు, 1,250 మంది రోగులు. సగం మంది ఇళ్లవాళ్లకు వ్యాయామాలు చేయించడం నేర్పారు, మిగతా సగానికి మామూలుగా ఇచ్చే వైద్యమే. ఆరు నెలల తర్వాత చూస్తే చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడ్డవాళ్లు కలిపి రెండు వైపులా 47 శాతమే. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. నేను ఇది చదివేసరికి మా అమ్మ రోజూ రెండు పూటలా నాన్న చెయ్యి పట్టుకుని లెక్కపెడుతూ అలిసిపోయి ఉంది. వ్యాయామం మానేయమని కాదు, కీళ్లు బిగుసుకుపోకుండా చేయించాల్సిందే. నాన్న లేవకపోతే మనం సరిగ్గా చేయించలేదేమో అన్న దిగులు మాత్రం అమ్మగారి నెత్తిన పెట్టకండి.

ఇంట్లో చేసే నర్సింగ్‌కు అసలు ఫలితం కనిపించేది వేరే చోట. పుండ్లు పడకుండా, పొలమారకుండా, మూత్రం ఇన్ఫెక్షన్ రాకుండా కాపాడటంలో.

ఇళ్లకు నర్సులను పంపే బ్యూరోకి ఫోన్ చేస్తే "సిస్టర్‌ను పంపిస్తున్నాం సార్" అన్నారు, నెలకు రూ.22,000. వచ్చినమ్మాయి మంచిదే, కానీ నర్సింగ్ చదవలేదు. నాన్నను పక్కకు తిప్పేటప్పుడు యూరిన్ బ్యాగ్ ఎత్తి మంచం మీద ఆయన పొట్ట పక్కనే పెట్టేది. బ్యాగ్ ఎప్పుడూ నడుము కంటే కిందే ఉండాలి, లేకపోతే మూత్రం వెనక్కి పోతుంది. ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు, అంతే. మీరు మాత్రం ఏఎన్ఎమ్మా, జీఎన్ఎమ్మా (రెండూ నర్సింగ్ చదువులే), లేక ఆ చదువు లేని అటెండెంటా అని నోరు తెరిచి అడగండి. అటెండెంట్ అయితే తప్పేం లేదు, వారానికోసారి చదువుకున్న నర్సు వచ్చి క్యాథటర్ (మూత్రం పైపు), చర్మం చూసి వెళ్లేలా మాట్లాడుకుంటే చాలు.

రాత్రికి ఒక కుర్రాణ్ణి పెట్టాం. పుండ్లు పడకుండా వేసిన ఎయిర్ బెడ్ (గాలి పరుపు) మోటారు గుర్రుమంటుంటే నిద్ర పట్టడం లేదని స్విచ్ ఆపేసి పడుకునేవాడట. నేను ఒక శనివారం వెళ్లి నాన్నను పక్కకు తిప్పితే, నడుము కింద ఎముక దగ్గర రూపాయి బిళ్లంత ఎర్రగా ఉంది. వేలితో నొక్కి వదిలాను. మామూలు ఎరుపైతే నొక్కినచోట తెల్లబడి మళ్లీ ఎర్రబడుతుంది. ఇది తెల్లబడలేదు. అంటే పుండు మొదలైనట్టే. పక్కింటావిడ కొబ్బరినూనె పెట్టి మర్దన చేయమంది. అక్కడ రుద్దకూడదండీ, లోపల ఇంకా దెబ్బతింటుంది.

ఆ రోజు నుంచి పాల లెక్క రాసే పుస్తకాన్ని మంచం పక్కన మేకుకు తగిలించాం. టైము వేసి ఎ, వె, కు అని రాయడమే. ఎడమ, వెల్లకిల, కుడి. రెండు గంటలకోసారి తిప్పాలని అందరూ అంటారు కదా, దీని మీదా పరిశోధన ఉంది. అమెరికా, కెనడా నర్సింగ్ హోముల్లో (అక్కడ ఆ మాటకు అర్థం పెద్దవాళ్లు ఉండే చోటు, మన ప్రైవేటు ఆసుపత్రి కాదు) 942 మందిని 2, 3, 4 గంటలకోసారి తిప్పుతూ మూడు వారాలు చూశారు. 2013లో వచ్చిన ఫలితం ప్రకారం మూడింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే అక్కడ అందరికీ దళసరి ఫోమ్ పరుపులున్నాయి. పాత దూది పరుపు మీద పడుకోబెట్టి నాలుగు గంటలు వదిలేయొద్దు. మేం పగలు రెండు గంటలకు, రాత్రి డాక్టర్ని అడిగి మూడున్నర గంటలకు మార్చాం. అమ్మకు మధ్యలో కాస్త నిద్ర దొరికింది, పుండు పెద్దది కాకుండానే మానింది.

తిండి గురించి ఒక్క మాట. పక్షవాతంలో చాలామందికి జావకంటే నీళ్లకే ఎక్కువ పొలమారుతుంది. కొందరికి దగ్గు కూడా రాకుండా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మింగగలరో లేదో ఆసుపత్రిలో పరీక్ష చేయించాకే, ముక్కులోంచి తిండి పోసే పైపు ఉంటే తీయించండి. నిటారుగా కూర్చోబెట్టి పెట్టాలి, తిన్నాక అరగంట అలాగే ఉంచాలి.

డబ్బు తక్కువగా ఉంటే పగటి మనిషిని తగ్గించుకోండి, రాత్రి మనిషిని కాదు. మేం తలకిందులుగా చేశాం, మూడో నెలలో అమ్మ బీపీ 190 దాటింది.

మీది తెలంగాణ కాబట్టి ప్రభుత్వ ఆసుపత్రిలో "ఆలన" పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బులో బాధ తగ్గించే వైద్యం) గురించి అడగండి. మంచం పట్టినవాళ్ల ఇంటికి నర్సుతో బండి వచ్చే ఏర్పాటు, డబ్బు తీసుకోరు. పాలియేటివ్ అంటే క్యాన్సరుకే అనుకుని చాలామంది అడగరు. కేరళలో 2008 నుంచి ఇదొక ప్రభుత్వ విధానం, పంచాయతీ నర్సులు ఇళ్లకు వెళ్తారు.

మీ ఇల్లు కిందనా, మేడ మీదా, లిఫ్టు ఉందా అన్నది రాయలేదు. నాన్నగారికి ఏ వైపు పడిపోయిందో కూడా చెప్పండి, మంచం ఏ గోడకు వేయాలో దాన్నిబట్టే ఉంటుంది.