ఆల్బినో పాము తెల్లపామేనా?

సందేహం: అమెరికాలో మా అబ్బాయి కార్న్ స్నేక్ అనే పామును పెంచుతున్నాడు. ఒళ్లంతా ఎరుపూ నారింజా. దాన్ని ఆల్బినో అంటాడు. ఒక వ్యాసంలో ఇలాంటి పామునే ‘శ్వేతనాగు’ అని రాశారు. సరైనదేనా? మామూలు రంగులో ఉన్న దాని తల్లిని ‘సగం ఆల్బినో’ అనవచ్చా? – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ‘శ్వేతనాగు’లో తప్పులు రెండు. కార్న్ స్నేక్‌కు పడగ లేదు, విషం లేదు, కాబట్టి నాగు కాదు. పాము కనిపిస్తే చాలు నాగు అనేయడం ఒక జబ్బు. ఇక శ్వేతం. లాటిన్‌లో ఆల్బస్ అంటే తెలుపు. ఆల్బినో అందులోంచే వచ్చింది. మనిషికి ఈ మాట అతికింది, ఎందుకంటే మన ఒంటి రంగు ముఖ్యంగా మెలనిన్ అనే నల్లటి రంగుపదార్థానిదే. పాము చర్మంలో ఎరుపు, పసుపు కణాలు వేరే ఉంటాయి. ఆల్బినోలో మెలనిన్ పోయినా అవి పోవు. మీ అబ్బాయి పాము వీపున మచ్చల చుట్టూ ఉండాల్సిన నల్ల అంచులు మాయమై ఉంటాయి, కళ్లు ఎర్రగా ఉంటాయి, చూడండి.

తెల్లపాము కావాలంటే పోతనగారి దగ్గరికి వెళ్లాలి. సరస్వతిని స్తుతించే ‘శారద నీరదేందు’ పద్యంలో ఆయన లోకంలోని తెలుపంతా పోగేశాడు: శరత్కాలపు మబ్బు, చంద్రుడు, కర్పూరం, హంస, మల్లెల దండ, మంచు, నురుగు, వెండికొండ. ఆ వరసలో రెల్లుపువ్వుకీ మొల్లపువ్వుకీ మధ్య ‘ఫణీశ’ అని ఆదిశేషుణ్ణి కూర్చోబెట్టాడు. పూల మధ్య పాము! చదువుతుంటే ఉలిక్కిపడం, అదీ పద్యం నడక. ఒళ్లంతా తెల్లగా ఉండి కళ్లు నల్లగానో నీలంగానో ఉన్న పాముల్ని పెంపకందారులు లూసిస్టిక్ అంటారు. శేషుడి కళ్ల రంగు పోతన చెప్పలేదు కనుక ఆయనది ఏ కోవో నేను తేల్చను.

చదువుల తల్లికి తెలుపెందుకంటారా? ‘తెల్ల’, ‘తెలియు’ ఒక్క ధాతువు పిల్లలే. చీకటి విడిపోతే తెల్లవారింది, స్పృహ వస్తే తెలివి వచ్చింది, అడుగు కనిపించే నీరు తెలినీరు. మనకు తెలుపు రంగూ తెలుపే, చెప్పడమూ తెలుపే. (వెన్నెల, వెండి వేరే ధాతువు.)

ఇప్పుడు తల్లి పాము. దానికి తెలుపూ లేదు, లోపలున్నది పైకి తెలపదు కూడా. ప్రతి జన్యువూ రెండు ప్రతులు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. కార్న్ స్నేక్‌లో చెడేది ఓసీఏ2 అనే జన్యువు. అందులో ఎక్కడిదో డీఎన్ఏ ముక్క దూరిందని 2015లో తేలింది. రెండు ప్రతులూ చెడితేనే ఆల్బినో. ఒకటే చెడితే పాము పూర్తి మామూలు రంగులోనే ఉంటుంది. అలాంటప్పుడు ‘సగం’ ఎక్కడిది? పెంపకందారులు దాన్ని ‘హెట్’ అంటారు, మన పాఠ్యపుస్తకాలు విషమయుగ్మజం అంటాయి. పాము పక్కన ‘విషమ’ చూసి విషం అనుకోకండి, సమం కానిది అని అర్థం.

రెండు హెట్‌లు జతకడితే సగటున నాలుగు పిల్లల్లో ఒకటి ఆల్బినో. మిగిలిన మూడింటిలో రెండు హెట్, ఒకటి కాదు. చూస్తే మూడూ ఒకటే. అందుకే వాటిని ‘66 శాతం హెట్’ అని అమ్ముతారు. ఆ శాతం పాముది కాదు, మన తెలివిది.

ఏమనాలి మరి? ఆల్బినో అని రాసుకుంటే నాకు అభ్యంతరం లేదు. తెలుగే కావాలంటే, కలిమిలేములున్న భాష కదా, ‘నలుపులేమి’ అనవచ్చేమో, పట్టుపట్టను. ‘బొల్లి’ మాత్రం వద్దు, అది పుట్టాక వచ్చే మచ్చ. మీ అబ్బాయి పాము తల్లి హెట్ అనడానికి శాతాల పని కూడా లేదు, పిల్లే సాక్ష్యం.