దవడ ఆపరేషన్ తర్వాత కీలు బొక్క (ఎముక) కరిగింది, కేసు నిలబడుతుందా?

జడ్చర్ల దగ్గరి ఊరి నుంచి ఒకాయన రాశారు: "మా బిడ్డకు 24 ఏండ్లు. కింది దవడ లోపలికి ఉందని హైదరాబాద్‌ల ప్రైవేటు దవాఖానల ఆపరేషన్ చేసి ముందుకు జరిపిండ్రు. రెండున్నరేండ్లయింది. మొదట మంచిగనే ఉండె. తర్వాత ముందుపళ్లు కలుస్తలేవు, జొన్నరొట్టె కొరకలేదు, చేత్తో తుంచి పక్కపళ్ల కింద పెట్టుకుంటది. ఎనిమిది నెలల కింద ఇంకో డాక్టరు స్కాన్ చూసి కీలు బొక్క కరిగిందన్నడు. కేసు వేయొచ్చా?"

అన్నా, ముందు ఫైలు తెచ్చుకోండి. వైద్య రికార్డులు చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు దాచాలనే నియమం ఉంది, మీకు ఆ గడువు దగ్గరపడింది. ఈ వారంలోనే రాతపూర్వకంగా అడగండి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. దరఖాస్తు కాపీ మీద స్టాంపు వేయించుకోవడం మర్చిపోవద్దు.

వినియోగదారుల చట్టం, 2019 ప్రకారం ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. ఆపరేషన్ రోజు నుంచే లెక్క అని అవతలి వకీలు కచ్చితంగా వాదిస్తాడు. లోపం పైకి కనబడనిదైతే అది తెలిసిన రోజు నుంచి లెక్కించవచ్చని ఒక రోగి డాక్టర్ శ్రీఖండే మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు 2010లో చెప్పింది, కానీ ఏళ్ల తరబడి నొప్పి ఉన్నా ఆపరేషన్ చేసిన డాక్టరును అడగలేదని అదే కేసులో ఆ రోగి ఫిర్యాదు కొట్టేసింది కూడా. అందుకే మీరు ఆలస్యాన్ని మన్నించమని ఒక పిటిషన్ కూడా జతచేసి వెంటనే వేయండి.

ఇక అసలు సంగతి. బొక్క కరిగింది కాబట్టి డాక్టరుదే తప్పు అంటే వినియోగదారుల కమిషన్ ఒప్పుకోదు. ఇది మంచి సర్జన్ చేతిలోనూ జరగొచ్చు, ముఖ్యంగా వయసులో ఉన్న ఆడపిల్లల్లో, దవడ బాగా చిన్నగా, వెనక్కి ఉన్నవాళ్లలో, అంతకుముందే కీలు జబ్బు ఉన్నవాళ్లలో. దవడను ఎక్కువ దూరం ముందుకు జరిపినా, బిగించేటప్పుడు కీలు తల వెనక్కి నొక్కుకుపోయినా దాని మీద ఒత్తిడి పెరుగుతుంది. ఇవన్నీ ముందే తెలిసిన ప్రమాదాలు. వీటిని డాక్టరు ముందే చూసుకున్నాడా, మీకు చెప్పాడా? మీ కేసు నిలబడేది ఇక్కడే.

బిడ్డను కూర్చోబెట్టి నిదానంగా అడగండి: ఆపరేషన్‌కు ముందు నోరు తెరిస్తే చెవి దగ్గర టక్‌మని చప్పుడు వచ్చేదా, పొద్దున లేవగానే దవడ పట్టేసేదా, ఆ మాట డాక్టరుకు చెప్పిందా? చెప్పి ఉంటే కీలుకు ఎమ్మారై గానీ సీటీ గానీ తీశారా, కీళ్లవాతం రక్తపరీక్ష చేయించారా, కీలు కుదుటపడే దాకా ఆగారా? ఫైలులో ఇవేవీ లేకపోతే అది పెద్ద ఆధారం. తర్వాత సమ్మతి పత్రం చూడండి. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, ప్రమాదాలు వివరించి తీసుకున్నదే నిజమైన సమ్మతి అంది. పొద్దున థియేటర్‌లోకి తీసుకుపోయే ముందు ఇంగ్లిష్ కాగితం మీద సంతకం పెట్టించుకుని, కీలు కరిగే ప్రమాదం గురించి అందులో ఒక్క ముక్క లేకపోతే, దాన్ని గట్టిగా అడగొచ్చు. నాకైతే చాలా ఫైళ్లలో ఈ కాగితమే బలహీనంగా కనబడింది.

హైదరాబాద్ తిరగక్కర్లేదు, మీరున్న జిల్లాలోనే, అంటే మహబూబ్‌నగర్ జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. కట్టిన బిల్లు 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. అంతకంటే ముందు వేరే దవడ సర్జన్‌తో రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి, పాత ఎక్స్‌రే, కొత్త స్కాన్ పక్కపక్కన పెట్టి చూపించండి. కరగడం ఆగిందని స్కాన్‌లలో తేలేదాకా రెండో ఆపరేషన్‌కు తొందరపడొద్దు, ఆ మాట కూడా ఆ సర్జన్‌నే అడగండి.