టీచరుగా పనిచేసిన అమ్మమ్మ గురించి సంస్మరణ సభలో ఏం మాట్లాడాలి?

ప్రశ్న: మా అమ్మమ్మ స్కూలు టీచరు. దైవభక్తి ఎక్కువ, దానగుణం ఇంకా ఎక్కువ, ఇంటికి పెద్దదిక్కు. సభలో నన్ను మాట్లాడమన్నారు. ‘ప్రేమమూర్తి, త్యాగమూర్తి’ తప్ప ఇంకేమీ తోచడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందు ఆ రెండు మాటలూ కొట్టేయండి. అందరి గురించీ అవే అంటారు. వేదిక మీద ఫొటో మార్చినా ఉపన్యాసం సరిపోతుంది.

మా అత్తగారు పోయినప్పుడు ఆ పని నా మీద పడింది. ఆవిడ లెక్కల టీచరు. ప్రార్థన కానిదే పచ్చి మంచినీళ్లయినా ముట్టేవారు కాదు. నేను పొగడ్తల కోసం వెతక్కుండా ఆవిడ బీరువాలోని కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ప్రార్థన పుస్తకంలో పేజీల మధ్య చీటీలు కనిపించాయి. వాటి నిండా పెన్సిలుతో రాసిన అంకెలు. మొదట అప్పుల లెక్కేమో అనుకున్నాం. తీరా చూస్తే అవి పదో తరగతి పిల్లల పరీక్ష నంబర్లు! కొన్నిటి పక్కన టిక్కు ఉంది. కొన్నిటి పక్కన ‘మళ్లీ’ అని ఉంది, దాని కిందే మరుసటి ఏడాది కొత్త నంబరు. ఫలితాలు వచ్చేదాకా ఆవిడ రోజూ దేవుడికి అప్పజెప్పింది ఈ జాబితానే అన్నమాట. అందులో మా ఆయన నంబరూ ఉంది. సొంత కొడుకు కదా అని పైన రాయలేదు, వరసలో ఎక్కడ రావాలో అక్కడే ఉంది.

సభలో నేను ప్రధానంగా చెప్పింది ఆ చీటీల సంగతే. భక్తి ఒక పేరా, బడి ఒక పేరా, ఇల్లు ఒక పేరా అని పంచుకుంటూ పోతే అది బయోడేటా అవుతుంది. మీ అమ్మమ్మగారి విషయంలోనూ ఈ మూడూ కలిసిన అలవాటు ఒకటి ఉండే ఉంటుంది. పుస్తకాల అంచులు, పాత డైరీలు, ఉత్తరాలు చూడండి. ఆవిడతో పనిచేసిన టీచర్లు ఎవరైనా ఉంటే ఫోను చేయండి. ‘ఆవిడ ఎలాంటివారు?’ అని అడిగితే ‘దేవత’ అంటారు, అక్కడితో సంభాషణ అయిపోతుంది. ‘ఆవిడ దేనికి కోప్పడేవారు?’ అని అడగండి.

దానాల విషయంలో మాత్రం నోరు జాగ్రత్త. మా అత్తగారు ఎవరి ఫీజైనా కట్టాలంటే డబ్బు పిల్లల చేతిలో పెట్టేవారు కాదు. నేరుగా ఆఫీసులో కట్టేసి, ‘నీ ఫీజు సర్దుబాటైంది, వెళ్లి క్లాసులో కూర్చో’ అనేవారు. అంత గుట్టుగా చేసిన పనిని మనం మైకులో పేర్లతో సహా చదవడం ఏమి మర్యాద? పుచ్చుకున్నవాళ్లు తమంతట తాము చెబితే అది వేరు. మా సభలో ఒకాయన లేచి చెప్పారు కూడా. మీరు చేయాల్సిందల్లా అలాంటివారికి కాస్త సమయం మిగల్చడమే. మీ వంతు అయిదు నిమిషాలు దాటనివ్వకండి.

ఆవిడ కాఠిన్యాన్ని దాచకండి. ఇంటి పెద్దదిక్కుగా నెగ్గుకొచ్చిన మనిషి మెత్తగా ఉండి ఉంటారంటే నేను నమ్మను. మా ఆయన హాస్టలు నుంచి రాసిన ఉత్తరాల్లో అక్షరదోషాలను ఎర్ర సిరాతో దిద్ది, అదే ఉత్తరాన్ని జవాబుతో పాటు తిరిగి పంపేవారు. డబ్బు పంపమని అడిగిన ఉత్తరాన్నీ అలాగే దిద్దారు. డబ్బు మాత్రం పంపారు. ఇది చదువుతుంటే హాలంతా నవ్వింది. సంస్మరణ సభలో నవ్వు వస్తే కంగారు పడనక్కర్లేదు.

తేదీలు సరిచూసుకోండి. పుట్టినతేదీ బడి రికార్డులో ఒకటి, ఇంట్లోవాళ్లు చెప్పేది ఇంకొకటి ఉండవచ్చు. ఉద్యోగం వివరాలకు సర్వీసు రిజిస్టరు, మిగతావాటికి ఆవిడ తోబుట్టువులు ఆధారం. పాత ఆల్బమ్‌లో అతుక్కుపోయిన ఫొటోలను పీకకండి, ఉన్నచోటే ఫ్లాష్ లేకుండా ఫోనుతో తీయండి. విడిగా ఉన్న చిన్న ఫొటోలను 600 డీపీఐలో (అంటే అంగుళానికి 600 చుక్కల వివరంతో) స్కాన్ చేయిస్తే పెద్దవిగా ప్రింటు వేసినా ముఖాలు స్పష్టంగా ఉంటాయి. వెనుకవైపు కూడా చూడండి, పేర్లు, సంవత్సరం రాసి ఉండవచ్చు.

ఇంకొక్క మాట. ప్రసంగం పెద్ద అక్షరాలతో రెండు ప్రతులు తీసి, రెండోది ముందు వరుసలో ధైర్యస్థులెవరికైనా ఇచ్చి ఉంచండి. నాకు గొంతు పూడుకుపోయింది విషాదమైన చోట కాదు, అందరూ నవ్విన ఆ ఉత్తరం దగ్గరే. మిగతాది మా మరిది చదివాడు.