పత్రికలో భద్రత బాధ్యత తీసుకోబోతున్న మేనల్లుడికి

హనుమకొండ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పత్రికా సంస్థలో సైబర్ భద్రత పగ్గాలు చేపట్టబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. బ్యాంకులో పాతికేళ్లు ఇదే పని చేసి, రిటైరయ్యాక రెండేళ్లు ఒక పత్రికకు సలహాదారుగా ఉన్నవాణ్ని కాబట్టి, అక్కడ నేను చేసిన తప్పు నీకు ముందే చెప్పాలనిపించింది.

బ్యాంకులో అలవాటైన కట్టుదిట్టాలన్నీ చేరిన నెలలోనే అమలు చేసి, ఫోన్‌కు ఓటీపీ వస్తే తప్ప లాగిన్ కుదరదన్నాను. మేడారం జాతర రోజుల్లో సిగ్నల్ అందని కంట్రిబ్యూటర్లు, ఓటీపీ అడగని పాత డెస్క్ లాగిన్ ఒకటి సంపాదించి, తాడ్వాయిలోని నెట్ సెంటర్ నుంచి నలుగురూ దానితోనే వార్తలు పంపారు. పాస్‌వర్డ్ రాసిన చీటీ, జాతర ముగిసిన వారానికి కూడా మానిటర్ అంచున పసుపు మరకలతో అంటుకునే ఉంది. వాళ్లను తప్పుపట్టలేను, జిల్లా పేజీలు వదిలే వేళ ఎవరి కోసమూ ఆగదు. అందుకే మొదటి నెల సర్వర్ గదిలో కాక రాత్రి డెస్క్ దగ్గర కూర్చో. ఆ తర్వాతే, సిగ్నల్ లేకున్నా పనిచేసే భద్రతా కీలు, అంటే ఓటీపీకి బదులు కంప్యూటర్‌కు గుచ్చే చిన్న పరికరాలు, ఇప్పించు.

2013 ఏప్రిల్ 23న అమెరికా వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ ట్విటర్ ఖాతాను హ్యాకర్లు చేజిక్కించుకుని, వైట్‌హౌస్‌లో పేలుళ్లు జరిగి ఒబామా గాయపడ్డారని రాయగానే అమెరికా షేర్ మార్కెట్ నిమిషాల్లో పడి లేచింది. దానికి కాస్త ముందు సిబ్బందికి వచ్చింది ఒక నకిలీ ఈమెయిల్. కాబట్టి సోషల్ మీడియా ఖాతాల తాళాలు ఎవరెవరి దగ్గరున్నాయో మొదటి వారంలోనే లెక్క తేల్చుకో.

సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం దాడి జరిగినట్టు గుర్తించిన 6 గంటల్లో ఆ సంస్థకు తెలియజేయాలి, లాగ్‌లను, అంటే సిస్టమ్‌లలో ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే రికార్డులను, 180 రోజులు భద్రపరచాలి. ఇది నీకు తెలిసిందే. అయితే ఏ రిపోర్టర్ ఎవరితో మాట్లాడాడో చెప్పే ఆనవాళ్లు ఆ లాగ్‌లలోనే ఉంటాయి. నమ్మి సమాచారమిచ్చిన ఒక చిన్న ఉద్యోగి పేరు వాటివల్ల బయటపడవచ్చు. వాటిని ఎవరు, ఎప్పుడు తెరవచ్చో ఎడిటర్‌తో కూర్చుని కాగితం మీద పెట్టించు. నువ్వు కూడా ఒంటరిగా తెరవకూడదన్న షరతు అందులో ఉండాలి.

2022 డిసెంబరులో బ్రిటన్ పత్రిక గార్డియన్‌పై రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే) దాడి జరిగి సిబ్బంది ఇళ్ల నుంచి పనిచేయాల్సి వచ్చినా పత్రిక ఆగలేదు. నువ్వూ ఏడాదికోసారైనా సర్వర్లు ఆపేసి ఒక జిల్లా ఎడిషన్ తీయించి చూడు. డెస్క్ వాళ్లు తిట్టుకుంటారు, పట్టించుకోకు.

చేరే ముందు ఒక ఆదివారం ఇటు రా. ఆ చీటీ అంటించిన కంట్రిబ్యూటర్ ఇప్పుడు ములుగులో ఉన్నాడు, కలిపిస్తాను.

మీ మామయ్య