దున్నేవాళ్లు లేని దానం

తమ్ముడూ,

నీ శాతవాహన నవల మొదటి మూడు అధ్యాయాలు చదివాను. నడక బాగుంది, సంభాషణలు ఎక్కడా బరువెక్కలేదు. పొగడ్తలు ఇంతటితో చాలు. మూడో అధ్యాయంలో రాజు రెప్పపాటులో ఒక ఊరిని భిక్షువులకు ధారపోస్తాడు. పక్కనున్న మంత్రి "భూమంతా ప్రభువులదే కదా" అంటాడు. సీను అయిపోతుంది. నాకు ఇబ్బందనిపించింది అక్కడే. నీ కథానాయకుడు గౌతమీపుత్ర శాతకర్ణికే ఆ పని అంత తేలిగ్గా జరగలేదు మరి.

నాసిక్‌లో 3వ గుహ గోడమీద ఆయన ఉత్తర్వులు రెండు ఒకదాని కింద ఒకటి చెక్కి ఉన్నాయి. మొదటిది ఆయన పాలనలో 18వ సంవత్సరానిది. సేనా శిబిరం నుంచి నాసిక్ ప్రాంతపు గోవర్ధనంలో ఉన్న అమాత్యుడు, అంటే రాజు తరఫు అధికారి, విష్ణుపాలితుడికి వెళ్లింది. పశ్చిమ కఖడి గ్రామంలో అంతకుముందు ఉషవదాతుడి అనుభవంలో ఉన్న 200 నివర్తనాల (అప్పటి భూమి కొలత) పొలాన్ని ఆ గుహలున్న త్రిరశ్మి కొండమీది బౌద్ధ సన్యాసులకు ఇస్తున్నామని అందులో ఉంది. ఈ ఉషవదాతుడు, గౌతమీపుత్రుడు ఓడించిన క్షత్రప రాజు నహపానుడి అల్లుడు. అంటే ఓడినవాళ్ల పొలం గెలిచినవాళ్ల చేతుల మీదుగా దానమైపోయింది.

రెండోది 24వ సంవత్సరానిది. ఈసారి రాజుతోపాటు రాజమాత ప్రస్తావన కూడా ఉంది. గోవర్ధనంలో అమాత్యుడు మారాడు, ఇప్పుడున్నది శ్యామకుడు. ఉత్తర్వు సారాంశం ఇది: కఖడిలో మేమిచ్చిన పొలాన్ని ఎవరూ దున్నడం లేదు, ఆ ఊళ్లో జనం ఉండటం లేదు, అందుకని నగరం పొలిమేరలో మాకున్న రాజక్షేత్రంలోంచి 100 నివర్తనాలు ఆ సన్యాసులకిస్తున్నాం.

ఆరేళ్లు. నవలంటూ ఉంటే అది ఈ ఆరేళ్లలో ఉంది. యుద్ధాలు గెలిచిన రాజు పొలం ఇవ్వగలిగాడు కానీ దాంట్లో నాగలి దించే మనిషిని ఇవ్వలేకపోయాడు. ఊరు ఎందుకు ఖాళీ అయిందో శాసనం చెప్పదు. సైన్యం తొక్కిందా, కొత్త యజమానుల కింద పని చేయడం ఇష్టంలేక వెళ్లిపోయారా, వానల్లేవా? చరిత్రకారుడు అక్కడ ఆగిపోవాలి. నువ్వు ఆగక్కర్లేదు. కాకపోతే ఏ కారణం పెట్టినా దాని బరువు అధ్యాయమంతా మోయాలి.

ఇంకోటి గమనించావా? రాజే "మా రాజక్షేత్రం" అని విడిగా చెబుతున్నాడు. భూమంతా ఆయనదే అయితే ఆ మాట ఎందుకు? అదే కొండమీద 10వ గుహలో ఉషవదాతుడి శాసనం చూడు. తన గుహలో ఉండే భిక్షువుల తిండికోసం అశ్విభూతి అనే బ్రాహ్మణుడి దగ్గర 4,000 కార్షాపణాలు (అప్పటి నాణేలు) పెట్టి పొలం కొన్నాడు. అది అశ్విభూతికి తండ్రి నుంచి వచ్చిన పొలమని కూడా చెక్కించాడు. పాలించేవాడి అల్లుడు డబ్బిచ్చి కొనుక్కున్నాడంటే అమ్మేవాడికి హక్కు ఉన్నట్టే కదా. మౌర్యుల కాలంలో ఇక్కడికొచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీస్ మాటలుగా గ్రీకులు మనకు అందించినదాంట్లో దేశమంతా రాజు సొత్తని ఉంటుంది. నీ మంత్రి డైలాగు అక్కణ్నుంచే వచ్చి ఉంటుంది. యజ్ఞవిధుల్ని చర్చించే జైమిని మీమాంసా సూత్రాల్లో మరోలా ఉంది. సర్వస్వం దానమిచ్చే విశ్వజిత్ యాగంలో కూడా భూమిని ఇవ్వడానికి లేదు, అది అందరికీ సమానమే అన్నారు. నీ సభలో ఈ రెండు మాటలూ అనేవాళ్లుండాలి. తగవు పెట్టించు. తీర్పు మాత్రం నువ్వు చెప్పకు.

రాజు బలం ఎంతో రాయాలనుకుంటే బిరుదులు వదిలెయ్, మినహాయింపులు చదువు. కఖడి పొలానికి ఇచ్చినవి చూడు: రాజు మనుషులు అందులో అడుగుపెట్టకూడదు, దాన్ని ముట్టుకోకూడదు, ఉప్పుకోసం తవ్వకూడదు, అధికారులు జోక్యం చేసుకోకూడదు. నరసరావుపేట దగ్గర మైదవోలులో దొరికిన, శాతవాహనుల తర్వాతి పల్లవ శివస్కందవర్మ రాగి రేకుల్లో పట్టిక ఇంకా సాగుతుంది. ధాన్యకటకంలోని అధికారికి రాసిన ఆ ఉత్తర్వు ప్రకారం, దానమిచ్చిన ఊళ్లోకి భటులు రాకూడదు, వంతులవారీగా ఎడ్లను తోలుకుపోకూడదు, వచ్చిన ఉద్యోగులకు అన్నం, మంచం, బస అడగకూడదు. ఒక్క ఊరికి ఇవన్నీ వద్దన్నారంటే పక్క ఊళ్లో ఏం జరుగుతోందో వేరే చెప్పాలా? దుక్కి రోజు పొద్దున్నే ఎడ్లు పోతాయి. ఇంట్లో ఉన్న ఒక్క మంచం వచ్చినవాడికి వేసి ముసలాయన నేలమీద పడుకుంటాడు. పల్లెటూరి మనిషికి రాజ్యమంటే సింహాసనం కాదు, ఈ టెన్షనే. దీన్ని రెండు పేజీలు రాయి, తొందరపడకు.

అదే శివస్కందవర్మ కంచి నుంచి ఇచ్చిన హిరహడగళ్లి రేకులు బళ్లారి ప్రాంతంలో దొరికాయి. దానం పుచ్చుకున్న బ్రాహ్మణుల పేర్లు, ఎవరికెంత వాటా అన్నది వరసగా ఉన్నాయి. వాటితోపాటే నలుగురు అర్ధికులు, అంటే సగం పాలుకి చేసేవాళ్లు, కోలికులనే పనివాళ్లు ఇద్దరు. వీళ్లకు పేర్లు లేవు, లెక్క మాత్రమే. ఇళ్ల స్థలం, కళ్లం ఇచ్చినట్టే వీళ్లనీ ఇచ్చేశారు. (ఇప్పటి పట్టాదారు పాసుపుస్తకంలో కౌలురైతు పేరు వెతికి చూడు.) వీళ్లకు పేర్లు పెట్టు. నీ నవలలో నాకు బాగా గుర్తుండిపోయే మనుషులు వీళ్లే కావచ్చు.

పరిశోధన దొరికింది కదా అని అంతా గుమ్మరించకు. నివర్తనమంటే ఎన్ని ఎకరాలో పాఠకుడికి అక్కర్లేదు, ఎన్ని నాగళ్లు కావాలో తెలిస్తే చాలు. ప్రాకృత పేర్లు తగ్గించు, రెండో పేజీకే నాలుక తిరగలేదు.

మూడో అధ్యాయాన్ని శ్యామకుడికి ఉత్తర్వు అందిన రోజుతో మొదలుపెట్టి చూడు. నగరం పొలిమేరలోని ఆ 100 నివర్తనాలు అప్పటికే ఎవరో ఒకరు చేసుకుంటూ ఉండాలి. ఇకమీద పంటలో భాగం కొండమీదికి వెళ్లాలని వాళ్లకు ఎవరు చెప్పారు, ఎట్లా చెప్పారు? ఆ సీను రాసి పంపు. ఫోన్‌లో వద్దు, ప్రింట్ తీయించి పోస్టులో పంపితే నయం, నా కళ్లకు స్క్రీన్ పడటం లేదు. పండక్కి ఊళ్లోనే ఉంటాను, వీలైతే రా.

ఇట్లు,
నీ అన్నయ్య