మేనకోడల్ని తెచ్చుకున్న చిన్నోడికి పెద్దమ్మ రాసేది

ఒరే చిన్నోడా,

రాత్రి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాన్రా. మొదటిసారి ఏడుపొచ్చింది, రెండోసారి నీమీద కోపమొచ్చింది, మూడోసారికి గానీ బుర్ర పనిచెయ్యలేదు. ఫోన్ చేసి చెబుదామంటే నువ్వు సరే పెద్దమ్మా సరే పెద్దమ్మా అంటావు గానీ సగం చెవికెక్కించుకోవు, అందుకే కళ్ళజోడు పెట్టుకుని ఒక్క వేలితో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదువుకో. కోడలికి కూడా చూపించు, ఇందులో దాచేదేం లేదు.

"నలభై రోజులైంది పెద్దమ్మా, ఎంత ప్రేమగా చూసినా దగ్గరికి రావట్లేదు" అన్నావు చూడు, కోపమొచ్చింది ఆ మాటకే. నలభై రోజులొక లెక్కా? మీ అక్క పోయాక మూడేళ్ళు దెబ్బలు తిన్న పిల్ల అది, తొమ్మిదేళ్ళ ప్రాణానికి మూడేళ్ళంటే ఎంతో నువ్వే చూసుకో. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి విజయవాడలో మీ సింగ్‌నగర్ అంతా మునిగింది కదా, ఆ తర్వాత ఎన్నాళ్ళు చినుకు పడితే చాలు మీవాడు స్కూల్ బ్యాగు తీసుకుని మేడ మీదకి పరిగెత్తేవాడో గుర్తుందా? నీళ్ళు పోయి నెలలైనా వాడి ఒంట్లోంచి వరద పోలేదు. దీనికి మూడేళ్ళూ ఇంట్లోనే వరదరా. నువ్వేమో ఒడ్డున నిలబడి చెయ్యందించి ఇంకా పట్టుకోదేంటి అంటున్నావు.

నా సంగతి నీకు పూర్తిగా తెలీదు. మీ అమ్మా నేనూ అక్కచెల్లెళ్ళ పిల్లలమే అయినా తనకి కూడా సగమే తెలుసు. మా అమ్మ పోయాక నాన్న లారీ మీద తిరుగుతూ నన్ను చుట్టాలింట్లో వదిలాడు, అక్కడ రెండేళ్ళు. ఎవరు కొట్టారు దేంతో కొట్టారు అన్నది ఇప్పుడెందుకులే, వాళ్ళూ పోయారు. 1966లో నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా మేనత్త వచ్చి చెయ్యి పట్టుకుని గుంటూరు తీసుకొచ్చేసింది. ఆవిడకి మొగుడు లేడు, పాత గుంటూరులో ఒక్క గది, పనేమో మిర్చి కొట్లో ముచ్చికలు తీయడం. పొద్దుట్నించీ సాయంత్రం దాకా ఎండుమిరపకాయలు తుంచి తుంచి వేళ్ళు నిప్పుల్లా మండేవి ఆవిడకి, వచ్చీరాగానే గిన్నెలో మజ్జిగ పోసుకుని చేతులు ముంచుకుని కూర్చునేది, ఆ తర్వాత కొబ్బరినూనె. అప్పటిదాకా నన్ను ముట్టుకునేది కాదు. నేను ఎవరు చెయ్యెత్తినా మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకునే పిల్లని కదా, ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుని "కళ్ళకి తగిలితే మండుతుందే, ఆగు" అనేది. ఒక మనిషి చేతులు నాకు నొప్పి తగలకూడదని వెనక్కి పోతాయని నాకు చాలా రోజులు నమ్మకం కుదర్లేదు. ఆవిడ ముద్దులు పెట్టలేదు, బంగారం అని పిలవలేదు. రోజూ అదే టైముకి వచ్చేది, మజ్జిగ గిన్నె తీసేది, అన్నం వండేది, అంతే. నాకు నెమ్మదిగా తగ్గింది ఆ అంతేలోనేరా.

కాబట్టి ముందు చెయ్యాల్సింది, ఇంట్లో రేపు ఏం జరుగుతుందో పిల్లకి తెలిసేలా చెయ్యి. అన్నం ఎన్నింటికి, నువ్వు డ్యూటీ నుంచి వచ్చేది ఎప్పుడు, లేటైతే ఫోన్ చేసి దాంతోనే చెప్పు, కోడలితో కాదు. ఆదివారం బ్యారేజీ వైపు తీసుకెళ్తానంటే తీసుకెళ్ళు, కుదరదనుకుంటే అసలు అనకు. దెబ్బలు తిన్న పిల్లలకి మాట తప్పేవాళ్ళు బాగా అలవాటు, నువ్వూ ఆ లిస్టులో చేరకు. నువ్వు కొనిచ్చిన పట్టుపరికిణీ బీరువాలోనే ఉంది, వేసుకోలేదు అని బాధపడ్డావు, ఉండనీరా, దానికి ఇప్పుడు పరికిణీ కంటే గోడ గడియారం ఎక్కువ పనికొస్తుంది.

చపాతీలు దిండు కింద పెడుతోంది, బ్యాగులో అన్నం ముద్ద దొరికింది, చీమలు పట్టాయి అని కోడలు ఏడ్చింది అన్నావు. దొంగతనం అనే మాట మీ ఇంట్లో వినపడకూడదు. తిండి దాచుకోబట్టే ఆ పిల్ల మూడేళ్ళు నిలబడింది. అబద్ధం చెప్పడం, చెప్పుల చప్పుడు బట్టి వచ్చేదెవరో పసిగట్టడం, మనుషులు రాగానే తలుపు పక్కకి జరగడం, ఇవన్నీ దానికి ఎవరూ నేర్పలేదు, బతకడానికి అదే నేర్చుకుంది. చెడ్డ అలవాట్లు అని ఒక్కసారి ఊడబెరికితే చేతిలో ఏం మిగల్దు దానికి. మా అత్త ఏం చేసిందంటే, నా పక్క కింద రొట్టెముక్కలు చూసి ఏమీ అనలేదు, మర్నాడు ఖాళీ డాల్డా డబ్బా ఒకటి కడిగి మరమరాలూ వేరుశనగ ఉండలూ పోసి నా తల దగ్గర పెట్టి "ఇది నీది, అయిపోతే చెప్పు" అంది. మొదటి వారం రోజూ రాత్రి ఖాళీ చేసేదాన్ని, కడుపునొప్పి కూడా వచ్చింది. ఆవిడ మళ్ళీ పోసేది. ఎప్పుడు మానేశానో నాకే గుర్తులేదు, ఒకరోజు మరమరాలు మెత్తబడిపోయాయని ఆవిడే పారబోసింది.

ఇంకోటి, ఇది నీకు కష్టంగా ఉంటుంది. "పిల్ల ఎంత పనిమంతురాలో, చెప్పకుండానే ఊడుస్తుంది, గిన్నెలు తోముతుంది" అని పక్కింటావిడ మెచ్చుకుందని సంతోషంగా చెప్పావు చూడు, అది విని నా గుండె జారిపోయింది. తొమ్మిదేళ్ళ పిల్ల పొద్దున్నే లేచి ఎవరూ అడక్కుండా చీపురు పట్టిందంటే ఇంట్లోంచి పంపించేస్తారేమో అని భయం, అద్దె కడుతోందిరా అది. చీపురు లాక్కోకు, లాక్కుంటే ఇంకా బెదిరిపోతుంది. మీవాడికి చెప్పినట్టే దానికీ ఒక చిన్న పని అప్పజెప్పు, మొక్కలకి నీళ్ళో ఏదో, మిగతా టైములో ఇద్దర్నీ కలిపి ఆడుకోమను. ఇంటికొచ్చిన వాళ్ళెవరైనా పనిమంతురాలు అని మొదలుపెడితే మాట మార్చెయ్. అలాగే "పాపం తల్లి లేని పిల్ల" అనే బ్యాచ్ ఉంటుంది, వాళ్ళ ముందు దాన్ని కూర్చోబెట్టి కథ చెప్పించొద్దు. మన చుట్టాల్లో ఇద్దరున్నారు అలాంటివాళ్ళు, ఎవరో నీకు తెలుసు, నేను రాయను.

జరిగింది నువ్వు తవ్వి తవ్వి అడక్కు. అదే చెబుతుంది, జడ వేస్తున్నప్పుడో బండి మీద వెనక కూర్చున్నప్పుడో, మొహాలు ఎదురెదురుగా లేనప్పుడు పిల్లలకి నోరు వస్తుంది. చెప్పినప్పుడు బండి ఆపి కావలించుకోవడాలు వద్దు, విను, "నీ తప్పు కాదమ్మా" అను, రాత్రికి ఒక నోట్‌బుక్కులో తేదీ వేసి అది అన్న మాటల్లోనే రాసిపెట్టు, తర్వాత పనికొస్తుంది. ఒకవేళ ఎవరైనా ఒంటి మీద చెడుగా చెయ్యేసిన సంగతి లాంటిది బయటపడితే మాత్రం పరువు గిరువు అని ఆగకు, 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి, పదిమంది పదిసార్లు అడిగి పిల్లని నలిపెయ్యడం కూడా ఉండకూడదు.

వాళ్ళ నాన్నని దాని ముందు తిట్టకు. నీకు కడుపు మండుతుంది, మీ అక్క కదా, నాకూ మండుతుంది. ఊళ్ళో అందరూ సవతితల్లి సవతితల్లి అంటారు గానీ బెల్టు తీసింది కన్నతండ్రే అని నువ్వే చెప్పావు. అయినా సరే, ఏదో ఒకరోజు "నాన్న ఎప్పుడొస్తాడు మామయ్యా" అని అడుగుతుంది చూడు. నేను అడిగాను, నన్ను వదిలేసిన నాన్న కోసమే రోడ్డు మీద ప్రతి లారీ వెనకా చూసేదాన్ని. మా అత్త "వస్తే టీ పెడదాం" అనేది.

ఇక కాగితాల సంగతి. పెద్దమనుషుల్లో కూర్చుని మాట్లాడుకుని తెచ్చుకున్నాను, ఆయనేం అనలేదు అన్నావు. ఇవాళ అనలేదు. చట్టంలో తండ్రే సహజ సంరక్షకుడు, రేపు ఎవరో ఎక్కిస్తే నా కూతుర్ని నాకివ్వు అని ఆటో వేసుకుని వస్తాడు, పెద్దమనుషులు ఆ రోజు ఫోనెత్తరు. 1098కి ఫోన్ చెయ్యి, పిల్లల కోసమే ఉన్న నంబరది, డబ్బులు పడవు. జిల్లాకో బాలల సంక్షేమ కమిటీ ఉంటుంది, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద, పిల్లని వాళ్ళ ముందుకి తీసుకెళ్ళు, విచారించి బంధువుల దగ్గర ఉంచమని వాళ్ళే రాతపూర్వకంగా ఆర్డరు ఇవ్వచ్చు. కమిటీ అనగానే పిల్లని హాస్టల్లో వేసేస్తారని భయపడకు, చూసుకునే ఇంటివాళ్ళుంటే ముందు వాళ్ళనే చూస్తారు. వీపు మీద మచ్చలున్నాయన్నావు, సర్కారు ఆసుపత్రిలో డాక్టరుకి చూపించి రాయించు. అదే చట్టంలో పెంచాల్సినవాడే హింసిస్తే మూడేళ్ళ దాకా జైలు, లేదా లక్ష జరిమానా, లేదా రెండూ ఉన్నాయి, కేసు పెట్టాలా వద్దా అనేది మీ ఇంట్లో కూర్చుని ఆలోచించుకోండి, కాగితం మాత్రం చేతిలో ఉండాలి. ఆ తర్వాత పూర్తిగా గార్డియన్‌షిప్ కావాలంటే కోర్టుకెళ్ళాలి, 1890 నాటి చట్టమే ఇప్పటికీ, అక్కడ ముందు చూసేది పిల్ల మంచి, కాస్త ఊహ తెలిసిన పిల్లయితే దాని ఇష్టం కూడా అడుగుతారు. మిషన్ వాత్సల్య అని పిల్లల కోసం కేంద్రం పథకం ఉంది, దాని కింద నెలకి నాలుగు వేలు స్పాన్సర్‌షిప్ ఇస్తారు బంధువులింట్లో పెరిగే పిల్లలకి, ఆదాయం రూల్సున్నాయి, వర్తిస్తుందేమో కమిటీ దగ్గరే అడుగు, అడగడానికి సిగ్గుపడకు, అది నీకు కాదు దానికి.

స్కూల్ గురించి, టీసీ రాలేదని పక్కన కూర్చోబెట్టావట, ఎందుకురా? టీసీ లేటైందన్న కారణంతో సర్కారు బడిలో అడ్మిషన్ ఆపకూడదని విద్యాహక్కు చట్టంలోనే ఉంది, రేపే వెళ్ళు. టీచరమ్మకి కథంతా చెప్పకు, "గట్టిగా అరిస్తే బిగుసుకుపోతుంది, వెనక నుంచి ముట్టుకోవద్దు" అని చెప్పు చాలు. బడిలో కొట్టడం కూడా ఆ చట్టం ప్రకారం నిషేధమే, అయినా కొన్నిచోట్ల స్కేలు తీస్తూనే ఉంటారు, నువ్వు ముందే నవ్వుతూ చెప్పి ఉంచు. రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేవడం, పక్క తడపడం నెలల తరబడి తగ్గకపోతే పిచ్చి డాక్టరు అని జనం అంటారని ఆగకు, 14416కి ఫోన్ చేస్తే టెలీమానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు. పక్క తడిపితే దుప్పటి నువ్వే తీసి ఉతుకు, కోడలు కాదు నువ్వు. మగవాడు దుప్పటి ఉతకడం ఆ పిల్ల చూడాలి.

ఇంట్లో నీ గొంతు తగ్గించు. నీకు క్రికెట్ చూస్తూ కేకలెయ్యడం చిన్నప్పట్నించీ ఉంది, అది తిట్టు కాదని నీకు తెలుసు, దానికి తెలీదు. కోడలితో గొడవపడాల్సివస్తే మేడ మీదకి వెళ్ళి పడండి, నిజంగా చెబుతున్నా. కోడలి మీద కూడా భారం ఎక్కువైంది, ఏడుస్తోందంటే చెడ్డదని కాదు, నువ్వు పొద్దున్నే డ్యూటీకి పోతే రోజంతా ఉండేది తనే. వారంలో ఒక పూట పిల్లలిద్దర్నీ నువ్వు పట్టుకో, తను వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిరానీ. మీవాడికి కూడా వాడి వాటా తగ్గిందనిపిస్తుంది, వాడితో ఒక్కడితో కూడా అప్పుడప్పుడు బయటికి వెళ్ళు, బీసెంట్ రోడ్డులో ఏదో కొనిపెట్టు.

ఇదయ్యాక ఒకరోజు అది నీకు ఎదురు మాట్లాడుతుంది. లేకపోతే ఏదో పగలగొడుతుంది, కావాలనే. ఆ రోజు నాకు ఫోన్ చెయ్యి, మంచి వార్త చెప్పినట్టు చెప్పు. ఇక్కడ తప్పు చేసినా ఉండనిస్తారా అని చూసుకోవడమది, అసలు ఆ మాత్రం ధైర్యం వచ్చాకే చూసుకుంటారు. నేను లాంతరు చిమ్నీ పగలగొట్టాను. చెయ్యి జారింది అని చెప్పా గానీ జారలేదురా, అరవైయేళ్ళు దాటాక నీకు చెబుతున్నా. మంచం కింద దూరి కూర్చున్నా, అత్త వచ్చే టైమయ్యే కొద్దీ ఒళ్ళంతా చెమట. వచ్చింది, చూసింది, పెంకులు ఏరి పేపర్లో చుట్టింది, మజ్జిగ గిన్నె తీసుకుంది మామూలుగానే. అన్నం చీకట్లోనే పెట్టి "చీకట్లో తినడం నీకొచ్చా? నాకు రాదు, చెయ్యి నోట్లోకి పోతుందో ముక్కులోకి పోతుందో, ముక్కులోకి పోతే ఈ చేతులకి చస్తాను" అంది. ఆ ఇంట్లో నేను మొదటిసారి నవ్వింది అప్పుడే. మర్నాడు కొత్త చిమ్నీకి డబ్బులు నా చేతికే ఇచ్చి కొట్టుకి పంపించింది, గుండె దడదడలాడుతూ రెండు చేతులతో పట్టుకుని తెచ్చా.

వచ్చే ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వస్తున్నా. అమ్మమ్మ వచ్చింది దణ్ణం పెట్టు, ముద్దు పెట్టు అని దాన్ని తోయకు, నేను నా పాటికి వంటింట్లో కూర్చుంటా, రావాలనుకుంటే వస్తుంది. వేరుశనగ ఉండలు నేను చేసి తెస్తా. డబ్బా మాత్రం నువ్వు కొని ఉంచు, స్టీలుది కొనకు, బిగుతు మూతదీ వద్దు, రాత్రిపూట తీస్తే చప్పుడవుతుంది.

మీ పెద్దమ్మ